లెంకో ఎల్ 75కి కొత్త చెయ్యి: రేకు కోయడానికి ముందు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకూ పనికొస్తుంది. పెదనాన్నగారి లెంకో ఎల్ 75 టర్న్‌టేబుల్, అంటే రికార్డు ప్లేయరు, మీ చేతికొచ్చింది. పళ్ళెం చక్కగా తిరుగుతోంది. సూదిని మోసే చెయ్యి, అంటే టోనార్మ్, మాత్రం వదులైంది, దాని తల ఒక పక్కకు ఒరిగింది, కుడి స్పీకరు ఉండుండి మూగపోతోంది. చెన్నై వడపళనిలో మీరు చూపించిన మెకానిక్ "ఈ చెయ్యి పోయింది, పై రేకు కోసి పాత ఎస్ఎంఈ 3009 పెడదాం, నా దగ్గరే ఉంది" అన్నారు. మీ స్నేహితుడు రేగా ఆర్‌బీ 250 చెయ్యి వేయించమంటున్నారు. చేతి కొసన సూదితో పాటు బిగించే కార్ట్‌రిడ్జ్, ఆర్టోఫోన్ 2ఎం రెడ్, ఇప్పటికే కొన్నారు. ఇంట్లో ఎల్పీలతో పాటు నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులూ ఒక పెట్టెడు ఉన్నాయి. ఈ రెండు చేతుల్లో ఏది మంచిది అని అడిగారు.

ఏది మంచిదన్నది చివర తేల్చుకోవాల్సిన విషయం. అంతకన్నా ముందు ఉన్న చెయ్యి నిజంగా పోయిందో లేదో చూడాలి. పోయిందని తేలితే, కొత్తది కూర్చోవాల్సిన దూరం, దాని బరువు మీ మెషీన్‌కూ మీ కార్ట్‌రిడ్జ్‌కూ కుదురుతాయో లేదో లెక్క వేయాలి. ఈ లెక్క వేయకుండా పేరు చూసి చెయ్యి కొన్నవాళ్ల మెషీన్లు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. వాటిలో సగం రేకు కోసేసినవే. కోసిన రేకు మళ్లీ అతకదు.

మీరు చెప్పిన లక్షణాలు వింటే నాకు మొదట తట్టేది అరిగిపోయిన రబ్బరు. ఎల్ 75 చెయ్యి పైకీ కిందకీ కదిలేది బాల్ బేరింగ్ మీద కాదు. రెండు పక్కలా కత్తి అంచులాంటి లోహపు మొనలు ఉంటాయి. అవి 'వి' ఆకారపు గాడి ఉన్న రెండు చిన్న రబ్బరు దిమ్మల మీద ఆని ఉంటాయి. వీటినే వి-బ్లాకులు అంటారు. మెషీన్ వయసు యాభై ఏళ్లు దాటిందంటే ఆ రబ్బరు గట్టిపడి, పగిలి, పొడి అయిపోయి ఉంటుంది. లెంకో ఉన్నవాళ్లందరికీ తెలిసిన జబ్బే ఇది. ఒక పక్క దిమ్మ ముందుగా చితికితే చెయ్యి ఆ పక్కకు ఒరుగుతుంది. మీరు రాసింది అచ్చంగా అదే.

పరీక్ష సులువు. ఆంప్లిఫయర్ ఆపేయండి. వెనక బరువు దిమ్మను జరిపి చెయ్యి గాలిలో అడ్డంగా నిలిచేలా తూకం కుదర్చండి. చెయ్యి లోపలికి జారిపోకుండా ఆపే యాంటీ స్కేటింగ్ దారానికి వేలాడే చిన్న బరువును తీసి పక్కన పెట్టండి. ఇప్పుడు హెడ్‌షెల్ (కార్ట్‌రిడ్జ్ బిగించే తల) దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని చేతిని దాని నిడివి చుట్టూ మెలితిప్పినట్టు అతి మెల్లగా కదిలించండి. బలం వద్దు. బేరింగ్ దగ్గర కదలిక కనబడినా, టిక్కుమని చిన్న చప్పుడు వినబడినా దిమ్మలు అయిపోయినట్టే. తర్వాత వేళ్లు తీసేసి పక్క నుంచి నోటితో ఊదండి. చెయ్యి నీళ్ల మీద ఆకులా సాగిపోవాలి. మధ్యలో ఒక చోట తట్టుకుని ఆగితే అడ్డంగా తిరిగే బేరింగ్‌లో పాత నూనె జిగురు కట్టిందని అర్థం. చెన్నై గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉన్నాయి. బీచ్‌కు దగ్గర్లో ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న మెషీన్లలో ఇది మరీ ఎక్కువ.

కొత్త వి-బ్లాకులు డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తోనో, నైలాన్‌తోనో, ఇత్తడితోనో చేసినవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మీకైతే డెల్రిన్ చాలు. ఇత్తడివి గొప్పగా ఉంటాయని కొందరంటారు కానీ, గాడి నునుపుగా తీసినవి కాకపోతే అవి కత్తి అంచును తినేస్తాయి. మార్చేటప్పుడు హెడ్‌షెల్, వెనక బరువు ముందే తీసేయండి. బిగింపు స్క్రూలు వదులు చేశాక చేతిని లాగకండి, నిలువుగా కొద్దిగా మాత్రం ఎత్తండి. లోపలి నుంచి వచ్చే తీగలు తలవెంట్రుకంత సన్నం, ఒక్క గుంజుకు తెగుతాయి. పాత రబ్బరు నల్లటి ముక్కలై రాలుతుంది. దాన్ని పంటిపుల్లతో ఏరండి, స్క్రూడ్రైవర్‌తో గీకవద్దు. కత్తి అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిస్తే గోధుమరంగు మరక దిగుతుంది. కొత్త దిమ్మలు కూర్చోబెట్టి రెండు పక్కల స్క్రూలూ మార్చి మార్చి పావు చుట్టు చొప్పున బిగించండి. ఒకే పక్కను పూర్తిగా బిగించేస్తే మళ్లీ ఒరుగుతుంది.

ఇదే చేతిలో రబ్బరు ఇంకో చోట కూడా ఉంది: వెనక బరువు మోసే తోకకూ ప్రధాన గొట్టానికీ మధ్య. అదీ జారి తోక కిందకు వాలుతుంది. పక్క నుంచి చూస్తే కనబడిపోతుంది.

ఇక కుడి స్పీకరు సంగతి. దీనికి చెయ్యి మార్చాలన్న మాట నేను నమ్మను. ముందు ఆంప్లిఫయర్ వెనక ఎడమ, కుడి ప్లగ్గులు తారుమారు చేయండి. మూగతనం ఎడమ స్పీకరుకు మారితే తప్పు టర్న్‌టేబుల్ వైపు ఉంది, మారకపోతే ఆంప్లిఫయర్ వైపో స్పీకరు వైపో ఉంది. టర్న్‌టేబుల్ వైపేనని తేలితే కార్ట్‌రిడ్జ్ వెనక నాలుగు పిన్నుల దగ్గర ఇదే పని చేయండి. తెలుపు ఎడమ ఛానెల్, నీలం దాని గ్రౌండు. ఎరుపు కుడి ఛానెల్, ఆకుపచ్చ దాని గ్రౌండు. జంటను జంటతోనే మార్చాలి. తీగలు మార్చాక కూడా అదే స్పీకరు ఆగుతుంటే కార్ట్‌రిడ్జ్ బాగానే ఉన్నట్టు, లోపం చేతి తీగలోనో కాంటాక్టులోనో ఉంది. నూటికి తొంభై పాళ్లు హెడ్‌షెల్ వచ్చి చేతికి తగిలే కాంటాక్టుల మీద నల్లగా పేరుకున్న పొర అయి ఉంటుంది. ఆల్కహాల్‌తో తుడవండి, అప్పటికీ పోకపోతే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. ఐసోప్రొపైల్, సన్నటి షీల్డ్ తీగ, కార్ట్‌రిడ్జ్ క్లిప్పులు అన్నీ రిచీ స్ట్రీట్‌లో ఒక్క సాయంత్రంలో కొనేసుకోవచ్చు.

ఇవన్నీ చేసినా చెయ్యి నచ్చకపోతే, లేదా కత్తి అంచే అరిగి గుండ్రబడి ఉంటే, అప్పుడు మార్పిడి మాట్లాడుకుందాం.

టోనార్మ్ విషయంలో మొదటి అంకె పళ్ళెం మధ్య ఇరుసు నుంచి చేతి తిరుగుడు బిందువుకు ఉండే దూరం. రేగాకు అది 222 మిల్లీమీటర్లు, తిరుగుడు బిందువు నుంచి సూది వరకు 237. అంటే సూది ఇరుసును 15 మిల్లీమీటర్లు దాటి పడుతుంది, దీన్నే ఓవర్‌హ్యాంగ్ అంటారు. జెల్కో ఎస్ఏ 750డీ అనే ఇంకో చేతికి ఈ దూరం 214, చేతి పొడవు 229. ఎస్ఎంఈ 3009 రెండో సిరీస్‌కు దూరం 215 చిల్లర, కానీ దాని పీఠం పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది, కాబట్టి అక్కడ కొంత వెసులుబాటు ఉంది. రేగాకూ జెల్కోకూ మధ్య తేడా 8 మిల్లీమీటర్లు. ఒకదాని కోసం వేసిన బెజ్జం ఇంకొకదానికి పనికిరాదు. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే హెడ్‌షెల్‌లో కార్ట్‌రిడ్జ్‌ను జరిపి, కొద్దిగా తిప్పి సర్దుకోవచ్చు. నాలుగైదు మిల్లీమీటర్లు తప్పితే హెడ్‌షెల్‌లోని పొడవాటి బెజ్జాలకు అంత చోటుండదు.

అందుకే కోతకు ముందు అట్ట చెయ్యి చేసుకోండి. గట్టి అట్ట మీద కొనబోయే చేతి నిజమైన కొలతలతో పై చూపు బొమ్మ గీసి కత్తిరించండి. వెనక బరువు దిమ్మ ఎంత వెడల్పు, ఎంత వెనక్కు వస్తుందో కూడా అందులో ఉండాలి. తిరుగుడు బిందువు దగ్గర గుండుసూది గుచ్చి మెషీన్ మీద తిప్పి చూడండి. సూది బయటి గాడి నుంచి లోపలి గాడి వరకు వెళ్తోందా, చేతి విశ్రాంతి స్థానంలో తోక మూతకు తగులుతోందా, బెజ్జం రావాల్సిన చోట రేకు కింద మోటారు గానీ స్పీడు మార్చే మీట గానీ ఉన్నాయా అన్నది అట్టే చెప్పేస్తుంది. మెషీన్‌ను తలకిందులు చేసి కింద వైపు కూడా చూడకుండా ఎవరైనా బోర్ మెషీన్ చేతిలోకి తీసుకుంటే ఆపండి.

అసలు నా సలహా, లెంకో పై రేకును కోయవద్దనే. మీ వడపళని మెకానిక్ చెప్పిన ఎస్ఎంఈకి గుండ్రటి బెజ్జం సరిపోదు, పీఠం జరగడానికి పొడవాటి కోత కావాలి. నొక్కి తీర్చిన ఉక్కు రేకులో అంత కోత కోస్తే ఆ చోట రేకు బిగువు పోతుంది, చెయ్యి నిలబడేది ఆ చోటనే కదా. దానికి బదులు చెక్క పెట్టెను కుడి వైపు వెడల్పు చేయించి, చేతిని రేకుకు బయట వేరే పలక మీద నిలబెట్టే పద్ధతి ఉంది. అది కుదరదనుకుంటే పాత చేతిని ఊడదీసిన బెజ్జాన్నే ఆధారం చేసుకుని పైన అడాప్టర్ పలక బిగించవచ్చు. గిండీలోనో అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనో లేత్ పని చేసేవాళ్లకు కాగితం మీద కొలతలు మిల్లీమీటర్లలో రాసిచ్చి, 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం పలక తీయించండి. అంగుళాల్లో చెప్పకండి, నోటి మాటగా అసలే చెప్పకండి. పాత రేగాకు పెద్ద నట్టుతో బిగిసే ఒక్క బెజ్జం చాలు, సుమారు 25 మిల్లీమీటర్లు. కొన్న చేతిని వెర్నియర్‌తో కొలిచాకే ఆ అంకె ఖాయం చేయండి. తర్వాత వచ్చిన రేగాలు మూడు స్క్రూల పీఠంతో వస్తాయి, వాటికి పలక వేరు.

రేకు కోయక తప్పని పరిస్థితి వస్తే పళ్ళెం, స్ప్రింగుల మీద వేలాడే మోటారు, దాని తిరుగుడును పళ్ళేనికి అందించే ఐడ్లర్ చక్రం అన్నీ ఊడదీసి వేరే గదిలో పెట్టాకే కోయాలి. ఉక్కు రజను ఇరుసు బేరింగ్‌లో పడితే ఎల్ 75కి ప్రాణమైన భాగం పోయినట్టే. ఐడ్లర్ రబ్బరు అంచుకు కోత నూనె తగిలినా గరగర మొదలవుతుంది. ఆ శబ్దాన్ని తర్వాత ఏ చేతితోనూ ఆపలేరు.

రెండో అంకె బరువు. చెయ్యీ కార్ట్‌రిడ్జ్ కలిసి సూది సాగుడు మీద ఊగే ఒక స్ప్రింగు బరువులా ప్రవర్తిస్తాయి. ఆ ఊగుడు వేగం 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి. అంతకు తగ్గితే వంపు తిరిగిన రికార్డు మీద సూది ఎగిరెగిరి పడుతుంది. పెరిగితే మృదంగం అడుగు స్థాయి శబ్దాల మీద చెయ్యి వేస్తుంది. లెక్క ఇది: చేతి ఎఫెక్టివ్ మాస్ (సూది దగ్గర తెలిసే చేతి బరువు), కార్ట్‌రిడ్జ్ బరువు, స్క్రూల బరువు గ్రాముల్లో కూడండి. దాన్ని కార్ట్‌రిడ్జ్ కంప్లయన్స్‌తో, అంటే సూది సాగుడును చెప్పే అంకెతో, హెచ్చించండి. వచ్చినదాని వర్గమూలంతో 159ని భాగించండి.

మీ 2ఎం రెడ్ బరువు 7.2 గ్రాములు, కంప్లయన్స్ 20. స్క్రూలకు ఒక గ్రాము వేసుకుందాం. రేగా ఆర్‌బీ 250 ఎఫెక్టివ్ మాస్ సుమారు 11 గ్రాములు. మొత్తం 19.2, ఇరవైతో హెచ్చిస్తే 384, వర్గమూలం 19.6. భాగిస్తే 8.1 హెర్ట్జ్ వస్తుంది. అంచున ఉన్నా ఫరవాలేదు. ఎస్ఎంఈ 3009లో 'ఇంప్రూవ్డ్' అనే రకం, హెడ్‌షెల్ ఊడనిది, 6.5 గ్రాములే. దానికి 9.3 హెర్ట్జ్ వస్తుంది, ఇది ఇంకా మంచిది. చూశారా, అది ఈ రకమే అయితే లెక్క ప్రకారం మెకానిక్ చెప్పిన చెయ్యే మీ కార్ట్‌రిడ్జ్‌కు బాగా కుదిరింది. నా గొడవ ఎస్ఎంఈతో కాదు, కోతతో. రేపు మీరు ముచ్చటపడి డెనాన్ డీఎల్ 103 కార్ట్‌రిడ్జ్ కొన్నారనుకోండి, ఇదే ఎస్ఎంఈ దానికి పనికిరాదు. దాని కంప్లయన్స్ 100 హెర్ట్జ్ దగ్గర 5 అని ఇస్తారు. జపాన్ కార్ట్‌రిడ్జ్‌ల అంకెను ఈ లెక్కలోకి తెచ్చుకోవడానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు వేసుకోవాలి. 9 అనుకున్నా 13 హెర్ట్జ్ దాటిపోతుంది. డీఎల్ 103కి బరువైన చెయ్యి కావాలి.

పాత ఎస్ఎంఈ కొనేముందు ఇంకొక్క మాట. అది కూడా కత్తి అంచు బేరింగే. దాని తోక దగ్గరా రబ్బరు జోడింపు ఉంటుంది, ఏళ్లు గడిస్తే అదీ వాలుతుంది. ఒక ముసలి రబ్బరు చేతిని తీసేసి ఇంకో ముసలి రబ్బరు చేతిని డబ్బు పెట్టి తెచ్చుకోవడమే అవుతుంది, చూసుకోకపోతే. ఎస్ఎంఈ 2019 చివర్లో విడి చేతుల అమ్మకం ఆపేసింది, జెల్కో 2020లో మూతపడింది. అందువల్ల ఈ రెండింటికీ పాత సరుకు ధరలు పేరును బట్టి పలుకుతున్నాయి, స్థితిని బట్టి కాదు.

చెయ్యి ఏదైనా బిగించాక ఎత్తు సరిచూడాలి. రికార్డు మీద సూది ఆనినప్పుడు గొట్టం రికార్డుకు సమాంతరంగా ఉండాలి. రేగాకు ఎత్తు సర్దే స్క్రూ లేదు, కింద వాషర్లే వేసుకోవాలి. తొమ్మిది అంగుళాల చేతికి వెనక 4 మిల్లీమీటర్లు ఎత్తితే సూది కోణం మారేది ఒక్క డిగ్రీ. కాబట్టి అర మిల్లీమీటరు వాషర్ గురించి నిద్ర మానుకోకండి.

సూది స్థానానికి ప్రోట్రాక్టర్ కాగితం వాడతారు. ప్రింటు తీసినప్పుడు ప్రింటరు దాన్ని ఒకటి రెండు శాతం కుదించేస్తుంది. అందులోని 100 మిల్లీమీటర్ల గీతను స్టీలు స్కేలుతో కొలిచి సరిపోతేనే వాడండి. ఎక్కువమంది వాడే బేర్వాల్డ్ పద్ధతిలో సూది రెండు చోట్ల, అంటే ఇరుసు నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర, గాడికి సరిగ్గా సూటిగా నిలుస్తుంది. స్టీవెన్‌సన్ పద్ధతిలో ఆ బిందువులు 60.3, 117.4. మీ పెట్టెలో కచేరీ రికార్డులు ఎక్కువుంటే నేను స్టీవెన్‌సన్‌నే పెట్టుకోమంటాను. గాడి లోపలికి వెళ్లేకొద్దీ దాని వేగం తగ్గుతుంది. ఎల్పీ బయటి అంచున సెకనుకు 51 సెంటీమీటర్లు ఉండేది లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 21 అవుతుంది. ఆ ఇరుకులో కోణం తప్పితే సకారాలు చీలిపోతాయి. కచేరీలో తిల్లానా, మంగళం వచ్చేది సరిగ్గా అక్కడే. సినిమా ఎల్పీల్లో చివరి పాటదీ అదే అవస్థ. బయటి గాడుల దగ్గర కాస్త నష్టపోయినా సరే, చివర శుభ్రంగా వినబడితే నాకు చాలు. ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, వాళ్లకు బేర్వాల్డ్ ఉంది.

సూది భారం 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు. నగల తూకం లాంటి చిన్న డిజిటల్ త్రాసు చాలు. కానీ రికార్డు ఉండే ఎత్తులోనే తూయాలి, ఉక్కు పళ్ళెం ఉన్న త్రాసు వద్దు. కార్ట్‌రిడ్జ్‌లోని అయస్కాంతం ఉక్కును లాగి అంకె తప్పు చూపిస్తుంది. తల ఒరుగు చూడటానికి సూది కింద చిన్న అద్దం ముక్క పెట్టి, ముందు నుంచి సూదీ అద్దంలో దాని ప్రతిబింబమూ ఒకే గీతలో ఉన్నాయా అని చూడండి. యాంటీ స్కేటింగ్‌ను సూది భారానికి సమానంగా పెట్టి మొదలుపెట్టండి. ఒక ఛానెల్ మాత్రమే చీలుతుంటే అప్పుడు కదపండి.

ఇక మీరు మాటవరసకు చెప్పిన 78 రికార్డులు. నన్నడిగితే మొత్తం నిర్ణయం వాటి మీదే తేలుతుంది. 78 గాడి వెడల్పు వేరు. దానికి సుమారు 65 మైక్రాన్ల మొన ఉన్న సూది కావాలి, ఎల్పీ సూది 18 మైక్రాన్లది. ఎల్పీ సూదితో 78 వేస్తే అది గాడి అడుగున చెత్తలో దొర్లి గరగరలే వినిపిస్తుంది, సూదీ పాడవుతుంది. కాబట్టి రెండు కార్ట్‌రిడ్జ్‌లు మార్చి మార్చి వాడాలి. లెంకో అసలు చేతికి హెడ్‌షెల్ ఊడుతుంది. ఇంకో హెడ్‌షెల్‌కు 78 కార్ట్‌రిడ్జ్ బిగించి ఉంచుకుంటే నిమిషంలో మార్చి, భారం సర్దుకుని రికార్డు వేసుకోవచ్చు. రేగాకు హెడ్‌షెల్ గొట్టంతో కలిసి పోత పోసినది, ఊడదు. మీరు ఎస్ఎంఈలో ఎంచదగ్గ 6.5 గ్రాముల రకానిదీ ఊడదు. ఆ రెండింటిలో ఏది పెట్టినా 78 వినాలనుకున్న ప్రతిసారీ నాలుగు క్లిప్పులు పీకి, స్క్రూలు విప్పి, మళ్లీ ప్రోట్రాక్టర్ వేసుకోవాలి. నాలుగు స్పీడులున్న మెషీన్ చేతిలో ఉండి 78కి అది అందకుండా చేసుకోవడం నాకు మనసొప్పదు.

కాబట్టి డెల్రిన్ వి-బ్లాకులు తెప్పించుకోండి, కాంటాక్టులు తుడవండి, తోక రబ్బరు చూడండి. 2ఎం రెడ్‌ను ఈ చేతితోనే ఒక నెల వినండి. అప్పటికీ ఎల్పీలకు మెరుగైన చెయ్యి కావాలనిపిస్తే వెడల్పు పెట్టె చేయించి, పాత చేతిని ఉన్నచోటే ఉంచి రేగాను రేకుకు బయట వేరే పలక మీద రెండో చెయ్యిగా నిలబెట్టండి. అట్ట చెయ్యి గీశాక పై నుంచి ఒక ఫోటో, కింద వైపు ఒక ఫోటో స్కేలు పక్కన పెట్టి తీసి ఇక్కడ పెడితే, పలక కొలతలు నేను చూసి చెబుతాను. లేత్ షాపుకు వెళ్లేది ఆ తర్వాత.